చదరంగపు గళ్లలో గింజల మొత్తం 615తో ముగుస్తుందా, 600000తో ముగుస్తుందా?

కోనసీమ_కొబ్బరి
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్లలో కలిపి ఎన్ని గింజలు పడతాయో లెక్క కట్టి తెమ్మని బడిలో చెప్పారు. ఆ ఒక్క లెక్కతో ఇల్లు మూడు పక్షాలుగా చీలిపోయింది. నేను స్ప్రెడ్‌షీటులో వేస్తే 18446744073709600000 అని వచ్చింది. అమ్మాయి ఫోనులోని క్యాలిక్యులేటరు 1.844674407 అని చూపి, పక్కన పదికి పంతొమ్మిదో ఘాతం పెట్టి ఊరుకుంది. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. ఆయన పడక కుర్చీలోంచి లేవకుండానే ఒక పాత చంపకమాల చదివి, దానిలోంచి 18446744073709551615 అని ఇరవై అంకెలు తీసి "రాసుకో తల్లీ" అన్నారు. యంత్రాన్ని నమ్మాలా, పద్యాన్ని నమ్మాలా అన్నది నా మొదటి సందేహం. రెండోది అమ్మాయిది: పెద్దదన్న మాట తప్ప ఈ సంఖ్యకు చెప్పుకోదగిన గుణం ఏదైనా ఉందా?

సున్నాచుట్టు
చివర అయిదు సున్నాలు వచ్చాయంటే మీ స్ప్రెడ్‌షీటు అలిసిపోయి చేతులెత్తేసిందని అర్థం. పరీక్షల్లో నేనూ అదే చేసేవాణ్ణి.

రాత్రిషిఫ్ట్
సున్నాచుట్టు గారు హాస్యానికి అన్నా అన్నది నిజమే. స్ప్రెడ్‌షీటు పదిహేను అంకెల వరకే చూపిస్తుంది. పదహారో అంకె నుంచి సున్నాలతో నింపి, పదిహేనో అంకెను దగ్గరి విలువకు సవరిస్తుంది. అందువల్లనే 184467440737095 తరువాత 51615 ఉండవలసిన చోట 184467440737096 వేసి అయిదు సున్నాలు చుట్టింది. లోపల జరిగేది ఇంకా విచిత్రం. దశాంశాలతో పనిచేసే ఆ పద్ధతిలో ఒక సంఖ్యకు 53 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది కనుక, 2^63కూ 2^64కూ మధ్య అది గుర్తుంచుకోగల రెండు పక్కపక్క సంఖ్యలకు ఎడం 2048. అంటే మీరు 2^64 లోంచి ఒకటి తీసివేయమన్నా, వెయ్యి తీసివేయమన్నా దానికి తేడా తెలియదు. తీసిన గింజలను తిరిగి కుప్పలోనే పోసేస్తుంది. మీ నాన్నగారి అంకెలే సరైనవి.

పిడివాది
అంత తొందరగా తీర్పు చెప్పకండి. యంత్రం తప్పినంత మాత్రాన పద్యం ఒప్పయిపోదు. నోటి నుంచి నోటికి, తాటాకు నుంచి తాటాకుకు దిగివచ్చిన పద్యంలో ఒక్క మాట మారినా ఒక అంకె మారుతుంది. దానికి వేరే రుజువు కావాలి.

లెక్కల_మాస్టారు
పిడివాది గారి అభ్యంతరం న్యాయమైనదే. రుజువు చేతితోనే చేయవచ్చు, అరవై నాలుగు గళ్లూ రాయనక్కరలేదు.

మొదట మొత్తం సంగతి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ కూడుతూ పోయినప్పుడు ఏ గడి దగ్గర ఆగినా, అప్పటివరకు పడిన మొత్తం తరువాతి గడిలో పడబోయేదానికంటే సరిగ్గా ఒకటి తక్కువ: 1కి తరువాత 2, 3కి తరువాత 4, 7కి తరువాత 8. కనుక అరవై నాలుగు గళ్ల మొత్తం, లేని అరవై అయిదో గడిలో పడవలసిన 2^64 కంటే ఒకటి తక్కువ. ఇక 2^64 తేవడానికి అరవై నాలుగు సార్లు రెట్టించనక్కరలేదు. రెండును ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 4, 16, 256, 65536, 4294967296, ఆ పైది మనకు కావలసినది. పిల్లలకు తరగతిలో ఇది చూపినప్పుడు ఆరంటే ఆరే అడుగులని మొదట నమ్మరు.

ఆరో అడుగు మొత్తం వేయడానికి ఓపిక లేకపోతే తగాదా ఉన్న చివరి అయిదు అంకెలు మాత్రమే తేల్చుకోవచ్చు. 4294967296లోని చివరి అయిదు అంకెలు 67296. దాన్ని దానితోనే గుణిస్తే 4528751616 వస్తుంది. దీని చివరి అయిదు 51616, ఒకటి తీస్తే 51615. సున్నాలకు అక్కడ తావు లేదు.

ఛందోమిత్ర
మాస్టారు చెప్పిన వర్గాల దారి మన ఛందశ్శాస్త్రంలోనిదే అని గుర్తు చేయాలనిపిస్తోంది. ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువులు మార్చి మార్చి ఎన్ని వృత్తాలు పుడతాయన్న ప్రశ్నకు పింగళుడు ఇచ్చిన సూత్రాల్లో, అక్షర సంఖ్య సరి అయితే సగం చేసి వర్గం కట్టమనీ, బేసి అయితే ఒకటి తీసి రెట్టించమనీ ఉంది. అరవై నాలుగు ఆరుసార్లు సగమై ఒకటి దగ్గర ఆగుతుంది కనుక ఆరు వర్గాలు. ఒకటో అక్షరం నుంచి ఇరవై ఆరో అక్షరం దాకా ఉన్న ఛందస్సుల్లో మొత్తం 13,42,17,726 వృత్తాలని మనవాళ్లు అప్పగించే సంఖ్య కూడా ఈ కుటుంబంలోనిదే. అది 2^27లో రెండు తక్కువ.

కోనసీమ_కొబ్బరి గారూ, మీ నాన్నగారు చదివిన పద్యం "శర శశి షట్క చంద్ర" అని మొదలవుతుందా?

కోనసీమ_కొబ్బరి
అదే అండీ. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యమని ఆయన చెబుతారు. నాకు మాత్రం అందులో అంకెలు ఎక్కడున్నాయో కనిపించలేదు. చంద్రుడు, కొండలు, ఏనుగులు కనిపించాయి.

ఛందోమిత్ర
ఆ చంద్రుడూ ఏనుగులే అంకెలు. దీన్ని భూతసంఖ్య అంటారు. శరములు మన్మథుడివి అయిదు కనుక శర అంటే 5. చంద్రుడు ఒక్కడే కనుక శశి 1. ఆ పద్ధతిలో వరుసగా చదవండి: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. భూతసంఖ్యను ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడిపించాలన్నది నియమం కాబట్టి తుహినాంశువు నుంచి వెనక్కి చదివితే 18446744073709551615 వస్తుంది. బ్రహ్మ ముఖాలు నాలుగు గనుక పద్మజాస్యం నాలుగైంది, దిగ్గజాలు ఎనిమిది గనుక కుంజరం ఎనిమిదైంది.

పిడివాది
సముద్రాలు ఏడు కదా. అబ్ధిని, పయోనిధిని నాలుగుగా తీసుకోవడానికి ఆధారం ఏమిటి? కావలసిన జవాబు ముందే తెలుసు కనుక నాలుగంటున్నారు తప్ప, తెలియనివాడు ఏడనే చదువుతాడు.

సున్నాచుట్టు
నాకూ ఒక అనుమానం. రంధ్రమంటే బొక్క, బొక్క అంటే సున్నా. తొమ్మిది ఎక్కడిది?

ఛందోమిత్ర
శరీరానికి నవరంధ్రాలు. సముద్రం విషయంలో పిడివాది గారి మాట కొంత నిజం, జనవ్యవహారంలో సప్తసముద్రాలే. కాని గణిత గ్రంథాల భూతసంఖ్యలో అబ్ధి, జలధి, పయోనిధి నాలుగుకే వాడుక, దిక్కుకొక సముద్రమన్న లెక్కన. ఇది సంప్రదాయమే తప్ప రుజువు కాదని ఒప్పుకుంటాను.

అంకెలపిచ్చి
రుజువు సంఖ్యలోనే ఉంది, సంప్రదాయాన్ని అడగనక్కరలేదు.

2^6 అంటే 64. దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కనుక 2^60కీ శేషం 1, 2^64కు 2^4 శేషమే, అంటే 16 శేషమైన 7. ఒకటి తీస్తే మన సంఖ్యకు తొమ్మిదితో శేషం 6 రావాలి. ఇప్పుడు పద్యంలోని ఇరవై అంకెలూ కూడండి: 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. సరిపోయింది. సముద్రాలు రెండింటినీ ఏడు చేస్తే కూడిక 93 అవుతుంది, శేషం 3కు పడిపోతుంది. కాబట్టి పిడివాది గారి సముద్రాలు ఈ పద్యంలో ఇమడవు.

సున్నాచుట్టు గారి రంధ్రం మాత్రం గడుసుది. తొమ్మిది తీసి సున్నా పెడితే తొమ్మిదితో శేషం మారదు కనుక ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. దానికి పదకొండు కావాలి. 2^10 అంటే 1024, పదకొండుతో శేషం 1. కనుక 2^64కు శేషం 16లోంచి వచ్చే 5, మన సంఖ్యకు 4. పద్యంలో ఒకట్ల నుంచి మొదలుపెట్టి ఒక అంకె కూడుతూ ఒకటి తీసివేస్తూ పోతే 37 వస్తుంది, శేషం 4. రంధ్రాన్ని సున్నా చేస్తే 28 వస్తుంది, శేషం 6. కనుక రంధ్రం తొమ్మిదే.

సున్నాచుట్టు
నా హాస్యానికి ఇంత కఠినమైన శిక్ష ఈ వేదిక మీద ఇంతవరకు పడలేదు.

పిడివాది
సముద్రాల విషయం వెనక్కి తీసుకుంటున్నాను. అయితే అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకు ఇంకా ఎవరూ రాలేదు. నేను చదువుకున్న రోజుల్లో రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్యలు వస్తాయని విన్నాను: 3, 7, 31, 127. ఇదీ అటువంటిదేనా?

లెక్కల_మాస్టారు
అయిదుతో ముగిసే సంఖ్య ప్రధాన సంఖ్య ఎలా అవుతుందండీ? మీరు విన్న దాంట్లో సగమే నిజం. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడా తప్పక సంయుక్తమే. ఘాతం ప్రధానమైతే ఫలితం ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు. 2^11లోంచి ఒకటి తీస్తే 2047, అది 23ను 89తో గుణించినది. 1644లో మెర్సెన్ ప్రకటించిన జాబితాలో 67వ ఘాతం కూడా ఉంది, కాని 2^67లోంచి ఒకటి తీసిన సంఖ్యను 1903లో కోల్ అనే అమెరికా గణితవేత్త 193707721, 761838257287 అనే రెండు కారణాంకాలుగా విడదీసి చూపారు.

అయితే మీ ప్రశ్నను బల్ల మీదికే తెస్తే అందమైనది ఒకటి దొరుకుతుంది. గింజలు పోస్తూ ఏ గడి దగ్గర ఆగితే అప్పటి మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, ఈ తొమ్మిది గళ్ల దగ్గర మాత్రమే. అరవై ఒకటో గడి దగ్గరి మొత్తం 2305843009213693951. అది ప్రధానమని 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే క్రైస్తవ మతాచార్యుడు తేల్చారు. ఇంకొకటి: ఆ తొమ్మిది గళ్లలో దేని దగ్గర ఆగినా, అప్పటి మొత్తాన్ని ఆ గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య, వస్తుంది. మూడును రెండుతో గుణిస్తే 6, ఏడును నాలుగుతో గుణిస్తే 28, ముప్పై ఒకటిని పదహారుతో గుణిస్తే 496. తొమ్మిదో తరగతి పిల్లకు ఇది చూపండి, నోట్సులో చోటు చాలదు.

కోనసీమ_కొబ్బరి
చూపించాను. 8128 దాకా తనే చేసుకుని, దాని భాజకాలన్నీ కూడి సరిచూసింది. అన్నం చల్లారిపోయింది.

అంకెలపిచ్చి
ఇక అరవై నాలుగో గడి దగ్గరి మొత్తం. ప్రధానం కాదు సరే, ఎలా విరుగుతుందన్నది చూడవలసిన విషయం. ఇది ఒక వర్గం కంటే ఒకటి తక్కువ, 2^32 వర్గంలోంచి ఒకటి. కనుక 2^32కు ఒకటి కలిపినదీ, ఒకటి తీసినదీ గుణిస్తే ఇది వస్తుంది. ఆ ఒకటి తీసినది మళ్లీ అలాగే 2^16 దగ్గర విరుగుతుంది, అది 2^8 దగ్గర, అది 2^4 దగ్గర, అలా చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటినీ గుణిస్తే మీ నాన్నగారి సంఖ్య.

ఈ ఆరూ ఫెర్మా సంఖ్యలు. ప్రతిదీ అంతకు ముందున్నవన్నీ గుణించి రెండు కలిపితే వస్తుంది: మూడుకు రెండు కలిపితే అయిదు, మూడయిదులు పదిహేనుకు రెండు కలిపితే పదిహేడు, పదిహేను పదిహేడులు 255కు రెండు కలిపితే 257. అందుచేత వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు.

డాలస్_తెలుగు
17వ శతాబ్దంలో ఫెర్మా ఈ వరుసలోవన్నీ ప్రధానాలే అనుకున్నాడని చదివాను. పదకొండంకెలైనా లేని 4294967297ను పట్టుకుని విరవడానికి ఒక శతాబ్దం ఎందుకు పట్టింది? ఫెర్మా స్వయంగా ప్రయత్నించలేదా?

లెక్కల_మాస్టారు
ఆయిలర్ 1732లో దాన్ని 641తో భాగించి చూపాడు, రెండోది 6700417. కారణాంకం ఎక్కడ వెతకాలో తెలియనివాడికి వరుసగా ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నించడమే దారి, 641 చేరేసరికి నూటికి పైగా భాగహారాలు అవుతాయి. ఆయిలర్ చేసిన పని వెతకవలసిన చోటును తగ్గించడం. దీనికి కారణాంకం ఏదైనా ఉంటే అది 64తో భాగించినప్పుడు ఒకటి శేషమిచ్చేదే అయి ఉండాలని తేల్చాడు. అప్పుడు మిగిలే ప్రధానాలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలో దొరికింది. తరువాతి కాలంలో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 64ను 128 చేశాడు. అప్పుడు 257 తరువాత నేరుగా 641 వస్తుంది.

భాగించకుండానే 641 సంగతి చూపే పద్ధతి ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. 641 అంటే 5ను 2^7తో గుణించి ఒకటి కలిపినది. అదే 641 అంటే 5^4, 2^4 కలిపినది కూడా, 625కు 16. మొదటి మాట ప్రకారం 5ను 2^7తో గుణించినది, 641తో భాగించినప్పటి శేషం లెక్కన, ఋణ ఒకటితో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకుపోతే 5^4ను 2^28తో గుణించినది ఒకటితో సమానం. రెండో మాట ప్రకారం 5^4 బదులు ఋణ 2^4 పెట్టవచ్చు. అప్పుడు ఋణ 2^32 ఒకటితో సమానమవుతుంది, అంటే 2^32కు ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. పెన్ను కూడా అక్కరలేని రుజువు.

పిడివాది
6700417 ఇంకా విరగదని ఏమిటి నమ్మకం? ఆయిలర్ చెప్పాడన్నది రుజువు కాదు.

అంకెలపిచ్చి
పిడివాది గారి కోసం ఇప్పుడే కాగితం మీద చేశాను. 6700417కు వర్గమూలం 2588 పైచిలుకు, కనుక అంతలోపు ప్రధానాలే చూడాలి. దాని కారణాంకం 4294967297కు కూడా కారణాంకమే కాబట్టి మాస్టారు చెప్పిన 128 నియమం దానికీ వర్తిస్తుంది. ఆ నియమానికి లోబడి, 2588 లోపు ఉన్న ప్రధానాలు 257, 641, 769, 1153, 1409, అంతే. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. అయిదు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధానమని తేలిపోయింది.

కాబట్టి పూర్తి విభజన ఇది: 3, 5, 17, 257, 641, 65537, 6700417, ఈ ఏడింటి లబ్ధం. ఏదీ రెండోసారి రాదు. ఏడు వేర్వేరు ప్రధానాలు కనుక భాజకాలు 2^7, అంటే 128; బల్లలోని గళ్లకు సరిగ్గా రెట్టింపు.

పిడివాది
మూడో శేషం నేను కూడా వేసి చూశాను. 120 వచ్చింది. ఇక మాట్లాడను.

సున్నాచుట్టు
పిడివాది గారు ఇక మాట్లాడనన్న ఈ రోజును తిథి వార నక్షత్రాలతో సహా ఎవరైనా రాసిపెట్టండి.

డాలస్_తెలుగు
65537ను నేను పనిలో రోజూ చూస్తాను, రహస్యలిపి తాళాల్లో అందరూ వాడే ఘాతాంకం అదే. ద్విసంఖ్యామానంలో దానికి రెండే ఒకట్లు, మధ్యన పదిహేను సున్నాలు. అందువల్ల ఆ ఘాతానికి హెచ్చించడం యంత్రానికి తేలిక. అది చదరంగం గింజల్లో దాగి ఉందని ఈ రోజే తెలిసింది.

లెక్కల_మాస్టారు
దాగి ఉన్నది ఇంకొకటి ఉంది. కొలబద్ద, వృత్తలేఖినితో ఏ క్రమ బహుభుజులను గీయవచ్చన్న ప్రశ్నకు 1796లో గౌస్ పదిహేడు భుజాల దానితో దారి తెరిచాడు. బేసి భుజాలవి గీయాలంటే ఆ భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. తెలిసిన ఫెర్మా ప్రధానాలు 3, 5, 17, 257, 65537 మాత్రమే. ఈ అయిదింటి లబ్ధం 4294967295. అది చదరంగం బల్లలో సరిగ్గా సగం, ముప్పై రెండు గళ్ల గింజల మొత్తం! బేసి భుజాలతో గీయగలమని తెలిసిన బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దది అదే. బల్ల రెండో సగానికి దాటగానే 641 అడ్డుపడుతుంది, గీత ఆగిపోతుంది.

రాత్రిషిఫ్ట్
మాస్టారూ, రెండో సగంలోనే మా కష్టాలు కూడా ఉన్నాయి. గుర్తు లేని, అంటే ఋణ సంఖ్యలు పట్టని, 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ ఇదే సంఖ్య, అరవై నాలుగు బిట్లూ ఒకట్లయితే ఇదే. దానికి ఒకటి కలిపితే సున్నా అవుతుంది. సున్నాలోంచి ఒకటి తీస్తే ఇది ప్రత్యక్షమవుతుంది. నేను మొదట చేరిన చోట సరుకుల గిడ్డంగి లెక్కల కార్యక్రమం రాశాను. ఒకసారి నిల్వ సున్నా ఉన్న సరుకును ఎవరో ఒకటి అమ్మినట్టు నమోదు చేశారు. తెల్లవారేసరికి తెర మీద సబ్బుల నిల్వ 18446744073709551615 అని ఉంది. తప్పు నాదే, తీసివేతకు ముందు నిల్వ ఎంతుందో చూడమని రాయలేదు. ఆ రోజు నుంచి ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు, పద్యం అవసరం లేకుండానే.

సున్నాచుట్టు
అన్ని సబ్బులుంటే ముప్పై రెండు బిట్ల పాపాలు కూడా కడుక్కోవచ్చు.

డాలస్_తెలుగు
1883లో లూకా, పైన 128 చెప్పిన ఆయనే, ఒక ఆటబొమ్మ తెచ్చాడు. మూడు కడ్డీలు, బిళ్లలు, పెద్దదాన్ని చిన్నదాని మీద పెట్టకూడదన్న నియమం. దానితో పాటు ప్రచారం చేసిన కథలో కాశీలోని గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్లలను పూజారులు మారుస్తూ ఉంటారు. మొత్తం మార్చడానికి కావలసిన ఎత్తులు కూడా సరిగ్గా ఇన్నే. సెకనుకు ఒకటి చొప్పున వేస్తే దాదాపు 58,454 కోట్ల సంవత్సరాలు, విశ్వం వయసుకు నలభై రెట్లకు పైన.

కోనసీమ_కొబ్బరి
అమ్మాయి నోట్సు పూర్తయింది. 1,84,46,74,40,73,70,95,51,615 అని మన పద్ధతిలో కామాలు పెట్టి రాసింది. కింద ఏడు కారణాంకాలు, దాని కింద తొమ్మిదితో, పదకొండుతో పరీక్ష. బడిలో జవాబుపత్రంలో ఉన్నది పదికి పంతొమ్మిదో ఘాతంతో ముగించిన రూపమే కనుక మార్కులు వేస్తారో లేదో తెలియదు. నాన్నగారికి కారణాంకాలు చూపిస్తే, 641ను "అబ్జ వేద తర్క" అని మాటల్లో పెట్టుకుని చూసుకున్నారు. ఇప్పుడు ఆయనే ఒక ప్రశ్న పంపారు: పద్యంలోని సంఖ్యకు రెండు కలిపితే తరువాతి ఫెర్మా సంఖ్య వస్తుందని మీరన్నారు కదా, అదైనా ప్రధానమా?

అంకెలపిచ్చి
కాదు. 18446744073709551617ను 274177 భాగిస్తుంది, రెండోది 67280421310721. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన దీన్ని ప్రకటించాడు. 274177లోంచి ఒకటి తీస్తే 256తో నిశ్శేషంగా పోతుంది; మాస్టారు చెప్పిన నియమం ఒక మెట్టు పైకెక్కి 128 బదులు 256 అయిందన్న మాట.

ఛందోమిత్ర
రెండు కలిపితే మారేది ఒకట్ల అంకె ఒక్కటే, 5 బదులు 7. పద్యంలో ఒకట్ల అంకె మొదటి మాట. కనుక "శర" తీసి "గిరి" పెడితే తరువాతి ఫెర్మా సంఖ్యకు పద్యం సిద్ధం కావాలి. రెండు లఘువులకు రెండు లఘువులు, గణం చెడదు. ప్రాసాక్షరం రేఫ, "గిరి"లోనూ రేఫే ఉంది, ప్రాస నిలిచింది. కాని పదకొండో అక్షరం "సాయక"లోని "సా". శకారానికి దానితో యతి చెల్లింది, గకారానికి చెల్లదు.

ఒకటి మాత్రమే కలిపిన 2^64కైనా కుదురుతుందేమోనని ఆరుకు "అరి" పెట్టి చూశాను. ప్రాస సరిపోయింది. యతి కోసం "సాయక" తీసి, బాణమే అయిన "ఆశుగ" పెట్టాను. అది దాని ముందున్న "శర"తో సంధి కలిసి "శరాశుగ" అయి ఒక అక్షరం మింగేసింది.

కోనసీమ_కొబ్బరి
నాన్నగారు పడక కుర్చీలోంచి లేచి నిఘంటువు తీశారు.